కొట్టు కిటికీకి పూసిన చీకటి

చెన్నై పురసవాక్కంలో మా నాయన నడిపిన బట్టలకొట్టును అమ్మేశాను. మర్నాడు పొద్దున్నే కూల్చేస్తారనగా, ఆ సాయంత్రం బొమ్మ వేసుకుందామని ఎదురింటి మేడ ఎక్కాను. అమ్మేటప్పుడు లేని ప్రేమ ఇప్పుడు పుట్టుకొచ్చిందా అని మా ఆవిడ దెప్పింది. నిజం కాబట్టే నాకు ఒళ్లు మండింది.

నా రంగుల పెట్టెలో నలుపు ఉండదు. ట్యూబులో వచ్చే నలుపుకు జీవం లేదు. అల్ట్రామరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే గోధుమరంగు కలిపితే ఊపిరున్న చీకటి వస్తుంది. నీళ్లు తక్కువ, రంగు ఎక్కువ, ఒక్క పూతలో వేసెయ్యాలి. నీటిరంగుల్లో వెలుగంటే మనం ముట్టుకోకుండా వదిలేసిన కాగితమే. ఒకసారి చీకటి పూశామా, ఆ వెలుగు మళ్లీ రాదు.

ఆకాశం నారింజ నుంచి వంకాయ రంగుకు తిరిగింది. గోడలు అయ్యాయి. కిటికీలు ఒక్కొక్కటే పూస్తూ పై అంతస్తు గోడౌను దగ్గరికి వచ్చేసరికి, ఆ కిటికీలో పసుపు కనిపించింది. అద్దం మీద పొద్దు పడుతోందనుకున్నాను. కానీ కూల్చేవాళ్లు అద్దాలన్నీ ముందురోజే ఊడబీకి పట్టుకుపోయారు. పొద్దు కూడా అప్పటికే దిగిపోయింది. కరెంటు తీసేసి నెలయింది. ఆ పసుపు కాస్త వణికి, మళ్లీ నిలబడింది.

మా నాయన ప్రాణం పోయింది ఆ గోడౌనులోనే, బట్టల మూటల మధ్య. గబగబా ఇంకాస్త నీలం, ఇంకాస్త గోధుమ ముద్దగా కలిపి ఆ కిటికీ మీద దట్టంగా పూసేశాను. తర్వాత అటు చూడకుండా తల వంచుకుని కూర్చున్నాను. ఇంత వయసొచ్చి దయ్యానికి జడిశానని ఎవరితో చెప్పుకోను?

అప్పుడు ఫోను మోగింది. మా కొట్టులో నలభై ఏళ్లు గుడ్డ కొలిచి చించిన పెద్దాయన కూతురు, ఊరి చివర షోళింగనల్లూరు నుంచి.

"అన్నా, నాయన ఆడికేమన్నా వచ్చినాడా? మద్దేనం బయటికి పోయినాడు, ఇంకా రాలా. ఫోను కూడా ఈడనే పెట్టేసినాడు."

కొట్టు వెనక తలుపు తాళంచెవి ఒకటి ఆయన దగ్గరే ఉండిపోయింది. మెట్లు రెండేసి చొప్పున దిగి రోడ్డు దాటాను.

ఆయన గోడౌనులో నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందు ఇత్తడి దీపం, పక్కన నూనె సీసా. రోజూ సందెవేళ కొట్టులో దీపం పెట్టింది ఆయనే.

"మామా, ఈడేం చేస్తుండావు? పొద్దున్నే కూల్చే మిషను వస్తుంది, తెలుసు గదా?"

"తెలుసులే. దీపం ఉండే కొట్టును ఎవురు కొడతారు చిన్నయ్యా? తెల్లారేదాకా నూనె ఉండాది."

ఆయన నవ్వుతున్నాడు. ఆ అమ్మాయి ఫోను చెయ్యకపోతే నేను ఇంటికెళ్లి, అన్నం తిని, పడుకునేవాణ్ని.

"నువ్వు ఎదురు మేడ మీద బొమ్మ ఏస్తా ఉంటే చూసినా. నీకు దీపం కనపడినాదా?"

"కనపడింది మామా."

"అదీ! చూస్తే వస్తావని నాకు తెలుసు."

చూసి నేను ఆ దీపం మీద చీకటి పూశాను. వేళ్లకు రంగు ఇంకా తడిగానే ఉంది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.