మేకుకు వేలాడిన చొక్కా

ఎమిల్ హుడాక్ మెట్లు దిగితే పీతలా పక్కకు దిగుతాడు. ఎడమ మోకాలు వంగదు. చర్చి మెట్లయినా, అమెరికా వచ్చి స్థిరపడ్డ మా స్లోవక్ వాళ్ల క్లబ్బు మెట్లయినా అంతే. అతని ఇంటికి ఎదురిల్లే నాది. కిటికీ తెర జరిపి వీధిలో ఎవరు ఎటు పోతున్నారో చూడకపోతే నాకు తిన్నది అరగదు. అందుకే ఎమిల్ సంగతి ఎమిల్ కన్నా నాకే బాగా తెలుసని వాడలో అంటారు. నేను కాదనను.

వయసులో ఉన్నప్పుడు ఎమిల్ అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద జట్టులో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు. కొండల్లాంటి మనుషులు మీదికి ఉరుకుతుంటే కదలకుండా నిలబడి, దూరాన పరిగెత్తే తనవాడికి బంతి విసరాలి. ఆ పని ఎవరూ నేర్పని రోజులవి. తీసుకెళ్లి పెద్ద ఆటగాడి వెనక కూర్చోబెట్టారు. ఎక్కడ తన చోటు లాక్కుంటాడోనని ఆ పెద్దమనిషి ఇతనితో మాట్లాడేవాడే కాదు. సాధనలో సొంత జట్టువాళ్లే ఎత్తి కుదేసి నవ్వేవారు. చివరికి ఆయనకు భుజం జారితే ఎమిల్‌ను మైదానంలోకి తోశారు. ఆడింది ఒక్క ఆట. అందులోనూ సగం దాటిందో లేదో, బంతి చెయ్యి వదిలేశాక, ఒక దున్నపోతు వచ్చి మోకాలి మీద పడ్డాడు. ఈల మోగలేదు. అప్పట్లో అది తప్పు కాదు మరి. ఆ తర్వాత బతుకంతా ఎమిల్ బడి బస్సు నడిపాడు.

ఆ ఆటనాటి చొక్కా క్లబ్బులో, టీవీ పక్కన, మేకుకు వేలాడుతూ ఉండేది. కొత్తవాళ్లెవరైనా దాన్ని చూసి "ఎవరిది?" అని అడిగితే ఎమిల్ గ్లాసు కింద పెట్టి కథ మొదలుపెట్టేవాడు. అడిగే వరకూ ఓరకంట చూస్తూనే ఉండేవాడు.

ఇప్పుడు పైవీధి కోవల్ వాళ్ల డారెన్ కూడా క్వార్టర్‌బ్యాకే అయ్యాడు. వాణ్ని మాత్రం నారుమడిలో నారులా పెంచారు. రెండేళ్లు ఆడించకుండా కూర్చోబెట్టి, ఆటల వీడియోలు చూపించి, అడుగు ఎలా వెయ్యాలో చెప్పడానికే ఒక గురువును పెట్టారు. సాధనలో వాడికి ఎర్ర చొక్కా తొడుగుతారు. ఎర్ర చొక్కావాణ్ని ఎవరూ ముట్టుకోకూడదు. అసలు ఆటలోనూ రూళ్లు మారాయి. మోకాలి కింద కొట్టకూడదు, తల మీద కొట్టకూడదు, బంతి వదిలాక మీద పడకూడదు. పడితే రెఫరీ పసుపు జెండా విసిరి, కొట్టినవాడి జట్టును పదిహేను గజాలు వెనక్కి నెడతాడు.

టీవీలో ఆ జెండా పడ్డప్పుడల్లా ఎమిల్ బల్ల తుడిచే పసుపుగుడ్డ తీసి తెర మీదికి విసిరేవాడు.

"అయ్యయ్యో, పెళ్లికూతుర్ని ముట్టుకున్నార్రా! గాజులు చిట్లాయేమో చూడండి!"

అందరూ నవ్వేవారు. డారెన్ జట్టు ఆడేటప్పుడు మాత్రం ఆ గొంతులో నవ్వు ఉండేది కాదు.

ఈ శరదృతువులో డారెన్ మొదటిసారి ఆట మొదటి నుంచీ దిగుతాడని తెలిసింది. క్లబ్బు నడిపే వాసిల్ చేతులు నలుపుకుంటూ ఎమిల్ దగ్గరికి వచ్చాడు. నేను పిరోగీ కుడుములు తింటున్నట్టు నటిస్తూ చెవులు అటే వేశాను.

"మామా, కోపం తెచ్చుకోకు. డారెన్ వాళ్లమ్మ వాడి చొక్కా ఇస్తానంది. నీది కాస్త పక్కకు జరిపితే..."

"పక్కకంటే ఎక్కడికిరా? పాయిఖానా గోడకా?"

"నువ్వు ఊ అంటేనే మామా."

ఎమిల్ మొహం కందగడ్డయింది. "సరే. ఆదివారం ఆఖరి ఈల దాకా వాడు తన కాళ్ల మీద నిలబడితే మేకు వాడిదే. మధ్యలో మోసుకుపోయారా, నన్ను పాతిపెట్టేదాకా నా చొక్కా అక్కడే ఉంటుంది."

నేను ఆగలేకపోయాను. "ఒరేయ్, పిల్లాడి కాలు విరగాలని మొక్కుకుంటున్నావా?"

"నేనెందుకు మొక్కుకుంటానక్కా? వాడికి విరగదు. వాడికి విరక్కూడదని శాస్త్రమే రాసిపెట్టారుగా!"

ఆదివారం పూజ అవగానే క్లబ్బు నిండిపోయింది. ఎమిల్ పసుపుగుడ్డ ఒడిలో పెట్టుకుని, తన చొక్కా కిందే కూర్చున్నాడు. సగం ఆట దాటింది. డారెన్ బంతి వదిలాడు. అంతలో పక్కనుంచి ఒక భారీ మనిషి, వంగి, సరిగ్గా మోకాలి ఎత్తులో దూసుకొచ్చాడు. వాసిల్ చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. నేను ఆట చూడలేదు, ఎమిల్‌ను చూశాను. కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. ఆ కళ్లలో ఉన్నది భయమో ఆశో, ఇంత వయసు వచ్చిన నాకూ అంతు పట్టలేదు.

ఆ మనిషి ఆఖరి క్షణంలో చేతులు ముడుచుకుని, ఒళ్లు పక్కకు తిప్పి, గడ్డిలో దొర్లిపోయాడు. జెండా పడే అవసరమే రాలేదు. డారెన్ ప్యాంటు దులుపుకున్నాడు.

"ఆగాడు," అన్నాడు ఎమిల్. టీవీవాళ్లు మళ్లీ మెల్లగా చూపించారు. "చూశారా, వాడు ఆగాడు!"

డారెన్ జట్టు ఓడింది కానీ, డారెన్ ఆఖరి ఈల దాకా నిలబడ్డాడు. వాసిల్ తల వంచుకుని గ్లాసులు కడుగుతున్నాడు. ఎమిల్ తనే వెళ్లి చొక్కా దించి, పీతలా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు అక్రోటు రొట్టె వంక పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. చొక్కా ఏం చేశాడో తెలియకపోతే నాకు నిద్ర పట్టదు. వసారాలో కూర్చుని ఉన్నాడు. చొక్కా ఒంటి మీదే ఉంది, పొట్ట దగ్గర బిగిసిపోయి.

"ఇంకా కుళ్లు తగ్గలేదట్రా?"

"కుళ్లు కాదక్కా." చొక్కా అంచు కిందికి లాక్కున్నాడు. "కాకపోవడమేమిటి, కుళ్లే. వాడి చెయ్యి చూసి కాదు, వాడికి చెప్పిన చదువు చూసీ కాదు. వాడి కోసం ఒకడు ఆగాడు చూడు, అక్కడ మండుతోంది. నా కోసం ఒక్కడు, ఒక్క రెప్పపాటు ఆగి ఉంటే?"

రొట్టె కోసి ముక్క చేతిలో పెట్టాను.

పై ఆదివారం అదే చొక్కా తొడుక్కుని క్లబ్బుకు వచ్చాడు. మేకుకు ఇప్పుడు డారెన్ చొక్కా ఉంది. ఆట మధ్యలో, బంతి వదిలేశాక ఒకడు డారెన్ మీద ధబేలున పడ్డాడు. జెండా పడలేదు. మేమింకా నోరు తెరవకముందే ఎమిల్ పసుపుగుడ్డ వెళ్లి తెరకు తగిలింది.

"జెండా ఏదిరా గుడ్డిపీనుగా!"

"అదేంటి మామా, పెళ్లికూతురే కదా!" అన్నాడు వాసిల్.

"నోర్ముయ్. వాడి మోకాళ్లు నీ అబ్బ సొమ్మా?"

అందరూ గొల్లుమన్నారు. ఎమిల్ కూడా నవ్వుతూ కూర్చున్నాడు. కానీ అతని చూపు ఆట మీద లేదు, మేకు మీదే ఉంది.