రెండువందల పన్నెండో షాట్

పర్ పర్ పర్. వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి. కామిఇగుసా స్టేషన్ వెనక సందులో, ఆ యానిమేషన్ స్టూడియో మెట్లెక్కుతుంటే మనిషి కంటే ముందు ఈ చప్పుడే ఎదురొచ్చేది, గూట్లో పావురం రెక్కలు సర్దుకుంటున్నట్టు. తలుపు తీస్తే కిటికీ పక్క బల్ల దగ్గర ఇవబుచి సుమియె. వేళ్ళ సందుల్లో ఐదు కాగితాలు ఇరికించుకుని, వాటిని ఆడిస్తూ, బొమ్మ కదులుతోందా వణుకుతోందా అని చూస్తూ ఉండేది.

ముఖ్యమైన భంగిమలు కొందరు గీస్తారు. వాటి నడుమ ఖాళీలను ఇంకొందరు నింపుతారు. ఆ నింపినదాన్ని సరిచూడటం సుమియె పని. ఇరవై రెండేళ్ళుగా అదే. వారం వారం ముగింపు పాట సాగుతుంటే తెర మీద పేర్లు పైకి పోతాయి. ఆమె పేరు ఎప్పుడూ కింది వరసల్లో, జనం లేచి గిన్నెలు సర్దుకునే వేళకి వచ్చేది. భంగిమలు గీసేవాళ్ళలో చేరాలని మూడుసార్లు స్టూడియో పరీక్షకి కూర్చుంది. మూడుసార్లూ ఒకటే మాట. "గీత శుభ్రంగా ఉంది. ప్రాణమే లేదు."

హతోరి నావొ చేరిన రెండో ఏడే ఆ పరీక్ష గట్టెక్కింది. 'మేఘదుర్గం' సీరియల్లో గుడ్డి డ్రాగన్ మొదటిసారి రెక్క విప్పే షాట్ ఆ పిల్లకే ఇచ్చారు. రెండువందల పన్నెండు. ఆ భాగంలో నావొకి ఉన్నది ఆ ఒక్క షాటే.

మధ్య బొమ్మలు నింపాక కాగితాలు సుమియె వేళ్ళ మధ్యకొచ్చాయి. ఆడించింది. తడిసిన గొడుగు నొప్పితో తెరుచుకున్నట్టు రెక్క విప్పుకుంది. ఆమె గుండెలో ఎవరో చల్లటి సూది దింపారు. పొద్దంతా తప్పు వెతికింది.

"ఎలా వచ్చిందండీ, ఇవబుచి గారూ?" నావొ బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"మూడో కాగితంలో గోరు లావెక్కింది."

"అయ్యో, నిజమే! ఇప్పుడే సరిచేస్తానండీ." నావొ నవ్వింది. ఆ నవ్వులో రవ్వంత నొచ్చుకోవడం కూడా లేకపోవడం సుమియెకి మరీ మండింది.

ప్రతి షాట్ కాగితాలూ ఒక పెద్ద కవరులో బల్ల నుంచి బల్లకి తిరుగుతాయి. ఎవరేం చేశారో ఆ కవరు మీదే రాసి ఉంటుంది. జూన్ వానల్లో ఆ షాట్ కవరు తడిసి చిరిగింది. సుమియె కొత్తది వేసి, సరిచూసినట్టు తన పేరు రాసింది. గీసినవాళ్ళ గడి తర్వాత నింపుదామని వదిలేసింది. అప్పటికి అది మరుపే.

వారం తర్వాత, పేర్ల జాబితా కట్టే కుజె కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నాలుగింటికల్లా పంపేయాలి. చూసి ముద్ర కొట్టండి. అన్నట్టు, ఆ రెక్క మీరే గీశారటగా? కవరు మీద ఉన్నది మీ పేరొక్కటే! ఇన్నేళ్ళూ ఆ చేతిని ఎక్కడ దాచిపెట్టారండీ?"

భంగిమలు గీసినవాళ్ళ వరసలో చివర ఆమె పేరు. నావొ పేరు ఎక్కడా లేదు.

ఇరవై రెండేళ్ళుగా ఎవరో ఒకరు అనాలని ఎదురుచూసిన మాట అది.

"ఏదోలెండి," అంది సుమియె. ముద్ర కొట్టింది. ఎర్రటి గుండ్రం, తడిగా.

శనివారం సాయంత్రం అందరూ టీవీ ముందు చేరారు. బీరు డబ్బాలు, ఎండు స్క్విడ్ ముక్కలు. రెక్క విప్పుకుంది. నమలడం కూడా ఆపేశారు. పాట మొదలైంది, పేర్లు కదిలాయి.

"ఇవబుచి గారూ, మీ పేరు! పై వరసలో!" అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నావొ. తర్వాత ఆమె కళ్ళు తెర మీదే ఉండిపోయాయి, పాట అయిపోయేదాకా, ప్రకటనలు మొదలయ్యేదాకా.

నావొ ఫోన్ మోగింది, వాళ్ళమ్మ దగ్గర్నుంచి. నావొ గోడవైపు తిరిగి గొంతు తగ్గించింది. "నా పేరు ఉందమ్మా, ఎందుకుండదు! వేగంగా పోయింది, నీ కళ్ళు అందుకోలేదంతే. ఏడుస్తావెందుకే, పిచ్చిదానా?"

సుమియె చేతిలో డబ్బా నొక్కుకుపోయింది. లేచి నిలబడింది.

"కుజె గారూ, ఆ రెక్క నావొ గీసింది. కవరు తప్పు నాది. జాబితాలో చూశాను. చూసే ముద్ర కొట్టాను."

"ప్రసారమైపోయిందిగా," అన్నాడు కుజె. "అమ్మకానికి వచ్చే డిస్క్‌లో మారుస్తాం."

మార్చారు. కానీ సోమవారం నుంచి నావొ కాగితాలు బల్ల అంచున పెట్టి, తల వంచి నమస్కరించి వెళ్ళిపోయేది. ఎలా వచ్చిందని మళ్ళీ అడగలేదు.

ఇదంతా కథగా రాసుకోవచ్చా అని నేను అడిగినప్పుడు, సుమియె కాగితాలు ఆడించడం ఆపలేదు. పర్ పర్ పర్.

"రాసుకో. ఆ రెక్క తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుందని కూడా రాయి. కానీ హతోరి నావొ పేరు నా పేరుకంటే పైన వెయ్యి."