దగ్గుకు రెండు వారాల గడువు

కాలేజీ లైబ్రేరియన్‌కు ఒకటే పిచ్చి: ఎవరు దగ్గినా దానికి గడువు తేదీ వేసేవారు. పుస్తకమైనా దగ్గైనా మనిషి దగ్గర రెండు వారాలే ఉండాలట. దాటితే పుస్తకాన్ని లైబ్రరీలో, దగ్గును ఆస్పత్రిలో అప్పగించి రావాలట. ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయారు. గడువు మాస్టారు అంటేనే పలికేవారు.

మధ్యాహ్నం రెండు దాటితే రీడింగ్ రూమ్ సగం నిద్రలోకి జారుకునేది. ఎండ బల్లల మీదికి మెల్లగా పాకేది. అందులో దుమ్ము రేణువులు తేలుతుంటే పుస్తకంలో అక్షరాలూ తేలుతున్నట్టే ఉండేది. అంతలో ఎవరో ఖళ్ళుమనేవారు. టప్‌మని ముద్ర పడేది, చీటీ చేతికొచ్చేది. ఒకసారి ప్రిన్సిపాల్ గారు ఉపన్యాసానికి గొంతు సవరించుకుంటే మైకు పక్కనే చీటీ ప్రత్యక్షమైంది. ఎదుటి బల్ల అమ్మాయి తలెత్తి చూడాలని దగ్గే సీనియర్లకు మాత్రం ముద్ర లేదు.

"ఇది ఊపిరితిత్తుల్లోంచి రాలేదు నాయనా, ఆ పక్కదాన్లోంచి వచ్చింది" అని పంపేసేవారు.

అక్కడ మూల బల్ల దగ్గర కూర్చునే రెండో సంవత్సరం అమ్మాయిని హాస్టల్లో గుసగుస అనేవాళ్ళు. ఆమె మాట పక్క మంచానికే వినపడదు. ఆ గుసగుసకు దగ్గు పట్టుకుని మూడో వారం. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. ఏం చేయాలో ఆమెకు తెలియక కాదు. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించమనే క్షయ నివారణ పోస్టరుకు రంగులు వేసింది ఆమే. కానీ జబ్బని తేలితే ఇంటికి పంపేస్తారని భయం. అక్క చదువు "కొన్నాళ్ళు ఇంట్లో ఉండు" అన్న ఒక్క మాటతో ఆగింది. ఆ కొన్నాళ్ళకు ఇప్పుడు ఆరేళ్ళు. అందుకే దగ్గు వచ్చినప్పుడల్లా కుర్చీ బరబరా జరిపి, ఆ చప్పుడులో దగ్గేసేది.

ఒక సోమవారం కుర్చీ కంటే దగ్గే ముందు బయటపడింది. తలలన్నీ లేచాయి. సరిగ్గా అప్పుడే కౌంటరు వెనక నుంచి అంతకు రెండింతల దగ్గు వినిపించింది. మాస్టారు కళ్ళద్దాలు జారిపడేలా దగ్గుతున్నారు. తలలన్నీ అటు తిరిగాయి. ఆయన లేచి కిటికీలన్నీ తెరిచారు. కాగితాలు పావురాల్లా పైకి లేచాయి. పిల్లలు గొణిగారు. గాలి బాగా ఆడే చోటికి గుసగుస కుర్చీని ఆయనే జరిపారు. ఆమె మళ్ళీ దగ్గితే మాస్టారూ మళ్ళీ దగ్గారు. సాయంత్రానికి పిల్లలే ముద్ర లాక్కుని ఆయన చేతిలో చీటీ పెట్టారు. ఆయన బుద్ధిగా పుచ్చుకున్నారు.

మర్నాడు ఉదయమే మాస్టారు ఆమె దగ్గరికొచ్చి, ఆస్పత్రికి ఒంటరిగా వెళ్ళాలంటే తనకు చిన్నప్పటి నుంచీ భయమనీ, తోడు వస్తే బాగుంటుందనీ అన్నారు. పాపం, ఇంత పెద్దాయనకు భయమా అని జాలిపడి గుసగుస బయల్దేరింది. ఎవరి దగ్గు కోసం వెళ్తోందో తెలియనట్టే, కలలో నడిచినట్టు నడిచింది.

పరీక్షల గదిలో ల్యాబు ఆవిడ మాస్టారి ముఖం చూడలేదు. ఆయన వెనక ఎవరున్నారా అని తొంగి చూసింది.

"రండి మాస్టారూ. ఈసారి మీ దగ్గు ఏ ఇయరు?"

"సెకండియరు" అన్నారు ఆయన నేల చూస్తూ. "బాగా చదువుతుంది."

గుసగుసకు చెవులు వేడెక్కాయి. "జబ్బని తేలితే చదువు మానేయాలా?" అని అడిగింది. ఆ మాట గదిలో అందరికీ వినపడింది.

"ఎందుకు మానడం? మందులు మొదలుపెట్టి, డాక్టరు సరేననగానే క్లాసుకు పోవడమే. మాత్రలు మాత్రం చివరిదాకా మానకూడదు. పోయినేడు ఈయన దగ్గొకటి ఫస్టు క్లాసులో పాసైంది" అంటూ ఆవిడ చిన్న డబ్బా ఇచ్చి, ఆరుబయటికి వెళ్ళి లోపలి నుంచి గట్టిగా దగ్గమంది.

పెరట్లో ఎండ కాస్తోంది. మాస్టారు దూరంగా, మర్యాదగా గోడవైపు తిరిగి నిలబడ్డారు. గుసగుస దగ్గింది. గోడ మీద పిట్టలు లేచిపోయాయి.

"ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా?" అన్నారు మాస్టారు, గోడతోనే మాట్లాడుతున్నట్టు.

దగ్గు మధ్యలో ఆమెకు నవ్వొచ్చింది.