పక్కింటి అక్క చెప్పిన తప్పులు

నా చిన్నప్పుడు అంటే మరీ వెనకటి ముచ్చటేం కాదు. ఎల్లారెడ్డిలో నేను ఎనిమిదో తరగతి చదువుతున్న రోజులు, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడాది. అయినా మా అన్న పిల్లల ముందు నేను పెద్దదాన్నే కాబట్టి, పెద్దవాళ్లలాగా మొదలుపెట్టే హక్కు నాకుంది. ఇంగ్లీషు హోంవర్కు ముందేసుకుని వాళ్లు గోళ్లు కొరుకుతుంటే నాకు ఆ రోజులే గుర్తొస్తాయి.

మా బళ్లో అప్పుడు ఇంగ్లీషు మీడియం కొత్త. పట్టుబట్టి నన్ను అందులో చేర్పించింది మా బాపు. ఆయన దుబాయ్‌లో సెంట్రింగు పనిలో ఉండేవాడు. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు ఫోను చేసేవాడు. "ఈడోళ్లు ఏమంటున్నరో సమజ్ కాదు బిడ్డా. ఎస్ ఎస్ అనుకుంట తలకాయ ఊపుతున్న. రేపు నువ్వు నా లెక్క నిలవడొద్దు" అని ఒకసారి అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ తర్వాత ప్రతిసారీ ఇంగ్లీషులో ఏదన్నా మాట్లాడమని ముచ్చటగా అడిగేవాడు. తప్పు పోతుందేమోనన్న భయంతో ఫోను అమ్మ చేతిలో పెట్టి వాకిట్లోకి వెళ్లిపోయేదాన్ని.

మా ఇంగ్లీషు సారు కామారెడ్డి నుంచి బస్సులో వచ్చేవారు. మంచివారే కానీ, ఆయన లేపి అడుగుతారేమోనని నేను ముందు పిల్ల వెనక తల దాచుకునేదాన్ని. సమ్మెకు ముందు ఆయన జెరండ్, ఇన్ఫినిటివ్ పాఠం చెప్పారు. 'ఎంజాయ్' తర్వాత 'రీడింగ్' అనాలి, 'వాంట్' తర్వాత 'టు రీడ్' అనాలి. ఎందుకట్లా అంటే, ఒక్కో మాటకు ఒక్కో అలవాటు, నోటికి పట్టాల్సిందే అన్నారు. బడి మళ్లీ తెరిచిన రోజు ఒక్కొక్కరినీ లేపి వాక్యాలు చెప్పిస్తానని, చెప్పలేనివాళ్లు తెలుగు మీడియం సెక్షన్‌కు వెళ్లాల్సి ఉంటుందని కూడా అన్నారు. తెలుగులో చదివితే తప్పేం లేదు. కానీ ఆ మాట బాపుకు ఎవరు చెప్పాలి?

బడి మూతపడింది, బస్సులు ఆగిపోయాయి. పిల్లలకు అది పండగ. నాకు మాత్రం పొద్దున లేవగానే, ఇవాళ బడి తెరుస్తారేమోనని భయమేసేది. సారు చెప్పిన ఆ మాటలన్నీ బట్టీ పట్టాను. ఎంత బట్టీ పడితే అంతగా కలగాపులగమయ్యాయి. 'ఐ వాంట్ టు రీడింగ్' అని పైకే అనేసి, అది తప్పని తెలిసి, గోడ పక్కన కూర్చుని ఏడ్చాను.

ఆ ఏడుపు పక్కింటి అక్కకు వినపడింది. ఆ అక్క ఇంటర్లో ఇంగ్లీషు ఒక్కటి తప్పి, ఇంటి దగ్గరే ఉండి బీడీలు చేసేది. తప్పిన సంగతి దాచుకునేది కాదు, ఎవరడిగినా నవ్వుతూ చెప్పేసేది. నన్ను గోడ మీదుగా పిలిచింది. "గాడ కూసోని ఏడ్సుడెందుకు పిల్లా. వచ్చి నాకు ఆకు అందియ్యి" అంది.

తడిపిన తునికాకును గోనెసంచిలోంచి తీసి, పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క పేర్చి ఇవ్వడం నా పని. అక్క చాట ఒళ్లో పెట్టుకుని, కత్తిరించిన ఆకులో తంబాకు పోసి చుట్టి దారం కట్టేది. చేతులతో పాటు నోరు కూడా ఆగేది కాదు. వాకిట్లో కనపడిందల్లా ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. ఎదురింటి అవ్వ తమలపాకు నములుతుంటే 'షీ ఎంజాయ్స్ టు ఈట్' అంది. 'ఎంజాయ్స్ ఈటింగ్' అన్నాను నేను, ఆకుల మీంచి తల ఎత్తకుండానే. అట్లనా అని, నేను చెప్పినట్టే రెండుసార్లు గట్టిగా పలికి తర్వాతి బీడీ అందుకుంది. మేకపిల్ల లోపలికి తొంగిచూస్తే 'వాంట్స్ కమింగ్' అంది. అదీ దిద్దాను.

అలా రోజూ పగలంతా ఆమె తప్పు చెప్పడం, నేను దిద్దడం. అక్కడ కూర్చుని బీడీలు చేసే ఆడవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. అంత పెద్ద పిల్ల నా అంత దాని చేత దిద్దించుకుంటుంటే నాకే సిగ్గేసి, వాళ్లు నవ్వుతున్నారక్కా అని గొణిగాను. "నవ్వనీ. వాళ్లు నవ్వితె బీడీ వదులైతదా" అంది, చేయి ఆపకుండా.

బడి తెరిచిన రోజు నేను పొద్దున ఏమీ తినలేదు. సారు ఒక్కొక్కరినీ లేపుతుంటే, నా వంతు ఎంత దూరంలో ఉందో చూసుకుంటూ బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. ముందు బెంచీ పిల్ల లేచి 'ఐ ఫినిష్డ్ టు ఈట్' అంది. నాకు తెలియకుండానే నా నోరు 'ఫినిష్డ్ ఈటింగ్' అనేసింది. సారు నా వైపు తిరిగి లేవమన్నారు.

లేచాను. బట్టీ పట్టిందంతా తుడిచిపెట్టుకుపోయింది. ఏం చేయాలో తోచక, అక్కలాగే ఎదురుగా ఏం కనపడుతుందా అని చూశాను. గుమ్మం దగ్గర ఒక కుక్క నిలబడి ఉంది. 'ది డాగ్ వాంట్స్ టు కమ్ ఇన్' అన్నాను. క్లాసంతా గొల్లుమంది. మామూలుగా అయితే అక్కడే కూలబడి ఏడ్చేదాన్ని. బీడీ వదులు కాలేదు కదా అనుకుని ఇంకొకటి చెప్పాను. అది తప్పు పోయింది. సారు దిద్దారు. దిద్దినదాన్ని అక్క పలికినట్టే రెండుసార్లు గట్టిగా పలికి, ఇంకొకటి చెప్పాను. ఆయన బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. కూర్చోమన్నారంతే.

చివరి గంటకు ముందు తెలుగు మీడియానికి వెళ్లాల్సినవాళ్ల పేర్లు చదివారు. నా పేరు లేదు. గంట కొట్టి అందరూ లేచి వెళ్తున్నా నమ్మకం కుదరక కాసేపు అలాగే కూర్చున్నాను.

పుస్తకాల సంచితోనే అక్క దగ్గరికి పరుగెత్తాను. సంగతంతా చెప్పి, నా కోసం కావాలనే తప్పులు చెప్పినవు కదా అక్కా అని అడిగాను. అక్క దారం తెంపుతూ నవ్వింది.

"కొన్ని కావాల్ననే చెప్పిన. కొన్ని నాకు నిజంగనే రావు."

అవి ఏవేవి అని అడిగాను. "గది నీకెందుకు పిల్లా. అన్నీ దిద్దినవు గదా" అంది. మరుసటి ఎండాకాలం అక్క ఆ ఒక్క పరీక్షా మళ్లీ రాసి గట్టెక్కింది.

బడి తెరిచిన ఆ వారమే, శుక్రవారం బాపు ఫోను చేసినప్పుడు నేను అమ్మకు ఇవ్వలేదు. 'బాపు, ఐ వాంట్ టు సీ యూ' అన్నాను. అటునుంచి అలవాటుగా "ఎస్, ఎస్" అన్నాడు. ఆ తర్వాత, ఎన్నడూ లేనిది, మెల్లగా అడిగాడు. "ఏమన్నవు బిడ్డా? నాకు సమజ్ కాలే."

నిన్ను చూడాలని ఉంది అన్నాను. అటునుంచి బాపు ముక్కు చీదుకోవడం వినపడింది. నాకూ ఏడుపొచ్చింది కానీ అది భయంతో వచ్చిన ఏడుపు కాదు.

ఇప్పుడు మేము కామారెడ్డిలో ఉంటున్నాం. అన్న పిల్లలు హోంవర్కు దగ్గర బిగుసుకుపోతే, ముందు నేనే ఒక తప్పు వాక్యం చెప్తాను. వాళ్లు ఎగబడి దిద్దుతారు. దిద్దినదాన్ని రెండుసార్లు గట్టిగా పలుకుతాను. అత్తా, కావాలనే తప్పు చెప్తున్నావు కదా అని చిన్నది అనుమానంగా నా మొహంలోకి చూస్తుంది.

కొన్ని, అంటాను.