రెండో దీపం

పోయిన శుక్రవారం సాయంత్రం మా కొత్తపేటలో, వీధి చివరి రామకోవెల మీదుగా వస్తుంటే హారతి గంటలు వినిపించి, చాలా రోజులైందని లోపలికి వెళ్లానండీ. గర్భగుడిలో పూజారిగారు హారతి ఇస్తున్నారు. మండపంలో ఒక్క ప్రాణి లేదు. మూల నిలబెట్టిన యంత్రంలో రెండు గంటలూ ఒక డోలూ మనిషి చెయ్యి లేకుండా, కరెంటు మోటారుతో వాటంతట అవే ఊగుతూ మోగుతున్నాయి. హారతి అయ్యాక పూజారిగారు స్విచ్చి ఆపగానే అంత చప్పుడూ ఒక్కసారిగా తెగిపోయింది. అలాంటి నిశ్శబ్దం నేను జీవితంలో ఇంకొక్క చోటే విన్నాను. అది తొంభైల చివర్లో, ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్లో.

అప్పట్లో మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. నేను బడి మొహం ఎరగను. నాన్నగారే అరుగు మీద కూర్చోబెట్టి తెలుగూ, ఎక్కాలూ, కాస్త ఇంగ్లీషూ నేర్పారు, ఆయన పెట్టిన ఆ భిక్షకు ఇప్పటికీ పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటాను. మా బావగారు ఆ ఇంగ్లండు ఊళ్లో ఆసుపత్రి డాక్టరు. అక్కకి రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. మూడోసారి ఆరో నెల దాటాక, మోకాళ్ల నొప్పులతో అమ్మ విమానం ఎక్కలేనంటే, సాయానికి నన్ను పంపారు.

తీరా వెళ్లి చూస్తే, వాళ్లు కాపురం ఉంటున్నది ఒకప్పటి చర్చిలో. వచ్చేవాళ్లు లేక మూసేసి, అమ్మేస్తే, ఎవరో కొని మధ్యలో చెక్క అంతస్తు వేసి వాటాలు చేశారు. మన వైపు గుడి పాడుబడితే గడ్డి మొలుస్తుందే తప్ప, ఆ స్థలంలో పొయ్యి వెలిగించే ధైర్యం ఎవరికుంటుంది? తూర్పు గోడకి పెద్ద రంగుటద్దాల కిటికీ, దాని మీద ఎవరో సాధువు బొమ్మ. కొత్తగా వేసిన అంతస్తు ఆ బొమ్మని సరిగ్గా నడుముకి అడ్డంగా కోసింది. తలా, ఎత్తిన చెయ్యీ మా పై వాటాలో, పాదాలు కింది వాటాలో. కింది వాటా ఇంకా ఎవరూ కొనక తాళం వేసి ఉండేది. గోపురం మీది గడియారం మాత్రం ఎవరూ తాళ్లు లాగకుండానే గంటగంటకీ కొట్టేది. ఆ మోత ఆగిన ప్రతిసారీ కింద ఎవరో ఊపిరి బిగబట్టినట్టు ఉండేది.

ఆ ఊరివాళ్లు చెడ్డవాళ్లు అనను. సంచులు మోస్తుంటే అడక్కుండా అందుకునేవారు, రోడ్డు దాటే బాతుల కోసం కార్లు ఆపేవారు. ఆదివారం బజారు కిటకిటలాడేది. దేవుడితో వాళ్లకి పోట్లాటేమీ లేదు, ఆ ఊసే లేదు, అంతే.

నెలకోసారి అమ్మ ముమ్మిడివరం వెళ్లి ఫోను బూత్‌లో నిలబడి మాట్లాడేది. అప్పటి ఫోన్లు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి, మన మాట మనకే మళ్లీ వినపడుతుండేది. ఇంటి సంగతి చెబితే, “దేవుడు ఖాళీ చేసిన కొంపలో ఇంకెవరు చేరేరోనే తల్లీ. నువ్వు మాత్రం సందెదీపం మానకు. కడుపుతో ఉన్న పిల్ల” అంది.

దేవుడి మూల ఎప్పుడూ తూర్పునే చూసుకుంటాం కదండీ, అలవాటు కొద్దీ ఆ కిటికీ గట్టు మీద, సాధువు ఛాతీ దగ్గర కుంది పెట్టాను. శీతాకాలం, నాలుగింటికే సందె పడిపోయేది. దీపం పెట్టిన నాలుగోనాడు కిటికీలోంచి చూస్తే, ప్రహరీ అవతల వానలో ఒక ముసలావిడ కదలకుండా మా కిటికీకేసే చూస్తూ నిలబడి ఉంది. పెదాలు కదులుతున్నాయి. దీపం కొండెక్కాక చూస్తే లేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పరీక్షించాలని ఒకరోజు దీపం పెట్టలేదు. ఆవిడ రాలేదు. నా దీపమే దేన్నో పిలుస్తోందా? మానితే అమ్మ మాట, పెడితే ఆ ఆకారం, మధ్యలో అక్క కడుపు. ఆ రాత్రే అక్క నడుం పట్టేసిందని మూలిగితే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

బావగారికి చెబితే నవ్వారు. “ఆయ్, మరదలుగారూ, ఇక్కడ దెయ్యాలక్కూడా చర్చికెళ్లే తీరిక లేదండీ. మీరొచ్చేరు కదా అని చూడ్డానికొచ్చుంటాది.”

చివరికి మర్నాడు దీపం పెట్టి, గిన్నెలో బెల్లం అటుకులు పట్టుకుని, రామనామం చెప్పుకుంటూ కిందికి దిగాను. దగ్గరికి వెళ్తే మనిషే. గిన్నె అందుకున్న చేతులు మంచులా చల్లగా ఉన్నాయి, నన్ను చూసి ఆవిడే ముందు జడుసుకుంది. నాన్నగారి ఇంగ్లీషుతో సగం, సైగలతో సగం అర్థం చేసుకున్నది ఇదీ: ముప్ఫై ఏళ్లు ఆ చర్చిలో కొవ్వొత్తులు వెలిగించి, తలుపులు వేసింది ఆవిడే. ఇరవై మంది వచ్చేచోట ఏడుగురయ్యారు, తర్వాత ఆవిడొక్కతే. ఎవరూ దేవుణ్ని వెళ్లగొట్టలేదట. ఎవరికి వాళ్లు, ఇంకెవరో వెళ్తున్నారులే అనుకున్నారట. ఇన్నేళ్లకి ఆ కిటికీలో మళ్లీ వెలుగు చూసి, తనకే పిచ్చెక్కిందేమోనని రోజూ వచ్చి చూసుకుంటోందట, వెలగని రోజు మాత్రం మలుపు దగ్గర్నించే వెనక్కి తిరిగిందట.

వెళ్లబోతూ, పై దీపం నువ్వు పెడుతున్నావు సరే, కిందిది ఎవరు పెడుతున్నారని అడిగింది.

తలెత్తి చూశాను. సాధువు ఛాతీ దగ్గర నా దీపం. కింద, తాళం వేసిన వాటాలో, ఆయన పాదాల దగ్గర సన్నగా ఇంకొకటి. అదే నేను వెలిగించే చోటు, అంది ఆవిడ.

పాత అద్దాల్లో ఒకటి రెండుగా కనిపిస్తుందని బావగారు అన్నారు. అయ్యుండవచ్చు. నేను వాదించలేదు. ఆ ఇల్లు దేవుడు ఖాళీ చెయ్యలేదని మాత్రం నా మనసుకి తెలిసింది, భయం ఆ పూటతో పోయింది. తొమ్మిదో నెల నిండాక అక్కకి ఆడపిల్ల పుట్టింది. ఆ ముసలావిడ ఊలు టోపీ అల్లి తెచ్చింది. ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియక, ఆ కిటికీకి పైనుంచి కిందిదాకా దణ్ణం పెట్టి వచ్చేశాను. తర్వాతి ఏడాది అక్కావాళ్లు ఇల్లు మారారు. ఆవిడ ఎన్నాళ్లు ఆ చీకటి కిటికీ దగ్గరికి వచ్చిందో తెలియదు.

మొన్న శుక్రవారం పూజారిగారు కటకటాలు దగ్గరికి లాగి సైకిలెక్కి వెళ్లిపోయాక, నేను వెంటనే ఇంటికి రాలేకపోయాను. గంట కొట్టడానికి మనుషులు రావడం లేదు, యంత్రం పెట్టిద్దామని కోవెల పెద్దలు అన్నప్పుడు హమ్మయ్య అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తర్వాత గంట ఇంట్లోకే వినపడుతోంది కదా అని, ఇంకెవరో వెళ్తున్నారులే అనుకున్నాను. రోడ్డు మీద, ప్రహరీ అవతల నిలబడి, కటకటాల్లోంచి లోపలికి చూశాను. స్కూటర్ల మీద వెళ్లేవాళ్లు ఈవిడెవరో అన్నట్టు తిరిగి చూస్తున్నారు. రెండోది కనిపిస్తుందేమోనని చీకటి చిక్కబడేదాకా చూశాను. స్వామి పాదాల దగ్గర ఒక్క దీపమే ఉంది.