అక్క చేతిలో ప్లగ్గు

నేను చెప్పేదాంట్లో పావు వంతే నిజమని వనపర్తిలో నాకు పేరు. అక్క ఎర్రచేపల తొట్టితో సహా ఆత్మకూరు నుంచి మా ఇంటికి వచ్చేసినప్పుడు, కండక్టరు చేపలకు కూడా అర టికెట్టు కొట్టాడని చెప్పాను. వీధంతా నవ్వింది. అక్క నవ్వలేదు. ఆ తొట్టి బావది. బావ పొలంలో, బోరు మోటారు దగ్గర, కరెంటు కొట్టి పోయాడు.

మా దిక్కు స్టార్టరు డబ్బాలో చెయ్యి పెట్టేముందు ఫ్యూజులు పీకి జేబులో వేసుకుంటారు, ఇంకెవరూ వచ్చి పెట్టకుండా. కరెంటు పోయిన పూట మాత్రం ఎవరూ పీకరు. లేని కరెంటుకు ఫ్యూజు పీకేదేంది అని. ఆ పూట బావా పీకలేదు. చెయ్యి డబ్బాలో ఉండగానే కరెంటు వచ్చింది.

తొట్టి మూతలో పాత ట్యూబులైటు ఉండేది. ఆవిరికి దాని కొసలు తుప్పుపట్టాయి. ఓ మధ్యాహ్నం మేత వేయబోతే అక్క చెయ్యి జుమ్మంది. ఇక దాని దగ్గరికి పోలేదు.

"ఎవలకన్న ఇచ్చెయ్ తమ్మీ," అంది.

ఇచ్చేస్తే ఆమెకు పొద్దున లేచి చేసే పనంటూ ఏదీ మిగలదు.

"అది కరెంటు గాదక్కా, పెద్దచేప తోకతోని కొట్టింది. నల్లమలల గసొంటి చేప కొడితే పులే బోర్లపడ్డదట."

"చాల్తియ్. నీ అబద్ధాలకు పులి గూడ పరేషానైతది."

నీళ్లు చొరని ఎల్ఈడీ పట్టీ ఒకటి కొనుక్కొచ్చాను. పట్టీలోకి వచ్చేది పన్నెండు వోల్టులే, అడాప్టరు తొట్టికి దూరంగా గోడకే ఉంటుంది. ఆ రోజు కరెంటు లేదు.

"ఇదే మంచిది, మల్ల వచ్చేలోపట చేసేస్త," అంటూ మూత మీద చెయ్యి వేశాను.

"మీ బావ గూడ గట్లనే అన్నడు."

అక్క గడపలో నిలబడి ఉంది. చూస్తే ప్లగ్గు గోడలోనే ఉంది. మూత మీది చెయ్యి తీసేశాను. ఆమే వచ్చి ప్లగ్గు పీకి, పిడికిట్లో పట్టుకొని పీట మీద కూర్చుంది.

"ఇగ జెయ్."

పాత ట్యూబు, చోక్ ఊడదీశాను. మూత తుడిచి ఆరబెట్టి పట్టీ అతికించాను. నీటి చుక్కలు ఎగిరి తగలకుండా కింద పారదర్శకమైన ప్లాస్టిక్ పలక బిగించాను. వైరును గోడ సాకెట్టు కన్నా కిందికి వేలాడేసి మళ్లీ పైకి తీసుకుపోయాను, తడి జారినా నేల మీదే పడేలా. ఇంకా పని మధ్యలో ఉండగానే నెత్తిమీద ఫ్యాను కిర్రుమని తిరిగింది.

అక్క పిడికిలి ఇంకా బిగిసింది.

అంతా అయ్యాక అడాప్టరు పెట్టి లైటు వేశాం. నాచులో, ఎప్పుడో బావ పెట్టిన మట్టి ఎద్దు కనబడింది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది.

చేపలను ఇచ్చెయ్యమని మళ్లీ అనలేదు. రోజూ తానే మేత వేస్తుంది. ముందు అడాప్టరు పీకి ఎడమ పిడికిట్లో పట్టుకొని, అప్పుడు కుడిచేత్తో వేస్తుంది.

"ఏం కాదక్కా, పన్నెండు వోల్టులే."

"ఉండనీ."

అందరి చేపలూ లైటు వేస్తే పైకొస్తాయి. మావి లైటు ఆరితే వస్తాయి. హోటల్లో చాయ్ తాగుతూ ఇది చెబితే, "ఇంకోటి జెప్పే," అని నవ్వారు. ఇంకోటి చెప్పాను.

ఇంటికొచ్చేసరికి తొట్టి చీకటిగా ఉంది. నీటి మీద చేపల నోళ్ల చప్పుడు. పీట మీద అక్క, పిడికిలి విప్పకుండా.