పైకొచ్చినాకే జవాబు

కోలారు బంగారు గనుల దగ్గర, చాంపియన్ రీఫ్స్ కార్మికుల లైన్లలో మా ఇంట్లో ఒక మాట నిషేధం. మగవాళ్లు గనిలో ఉన్నంతసేపు "కిందికి పోయినాడు" అనకూడదు, "షిఫ్ట్‌లో ఉండాడు" అనాలి. నోరు జారానా, అమ్మ నెత్తిన మొట్టేది.

నాయన, పక్కింటి మామ ఒకే గ్యాంగు. గని అప్పటికే సర్కారుదైనా బోర్డులు దొరల కాలంవే. వాటిని చూసి కూడబలుక్కున్న ఇంగ్లీషు ఇద్దరిదీ. అబ్బో, దాని మీద మోజు ఇంతా అంతా కాదు! డ్యూటీకి పోతూ మామ మా గడప దగ్గర ఆగి మూడక్షరాలు చెప్పేవాడు. అవి అదే వరుసలో వచ్చే ఇంగ్లీషు మాటలు నేను వెతికిపెట్టాలి. జవాబు మాత్రం ఇద్దరూ పైకొచ్చి కాళ్లు కడుక్కున్నాకే.

"ముందే చెప్పేస్తే ఇంగ మేము పైకి వచ్చేదెందుకు?" అని మామ నవ్వేవాడు. అమ్మ దాన్ని నిజంగానే నమ్మింది. నేనూ నమ్మాను.

ఆ పొద్దున మామ, "యు, ఎన్, డి. నీ తెలివెంతో సాయంత్రం చూస్తాం పాపా" అన్నాడు. నాకు రోషం వచ్చింది. బడికి పోయి వచ్చేలోపు సండే పట్టాను, థండర్ పట్టాను, బండిల్ పట్టాను. అండర్ కూడా తట్టింది. కింద అని అర్థం కదా, భయమేసి పక్కకు నెట్టేశాను.

అన్నం తింటుంటే నేల అదిరింది. గూట్లో గిన్నెలు దబదబా పడ్డాయి. గనిలో బండ పేలితే అట్లాగే అదురుతుంది. ఆడవాళ్లంతా పొయ్యి మీదివి వదిలేసి గనిలోకి దిగే షాఫ్టు గేటుకు పరిగెత్తారు.

పొద్దుగూకేవేళకు నాయన పైకొచ్చాడు. ఏడుస్తూనే ఆయన్ని చుట్టేసుకున్నాను. "దొరికినాయి నాయనా, చెప్పనా?"

"వద్దమ్మా. మామ ఇంగా రాలేదు."

మామ రానేలేదు. రాళ్లు పడుతూనే ఉంటే మామను బయటికి తీయకుండానే ఆ చోటును మూసేశారు. అత్త శ్రీనివాసపురంలోని పుట్టింటికి వెళ్లిపోయింది. నాయన మాత్రం ఎప్పుడడిగినా "మామ రానీ" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. పేపరు తెరిచినా, బస్సెక్కినా ఆ మూడక్షరాలే కంటబడేవి. సౌండ్, లాండ్రీ, హండ్రెడ్. ఎవరికి చెప్పుకోను?

గని మూతపడింది, లోపలంతా నీళ్లు నిండాయి. ఎన్నో ఏళ్లకు కోలారు ఆస్పత్రిలో, ఇక కొద్ది రోజులేనని డాక్టరు చెప్పాక, నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"మామ పైకొచ్చినాడా?"

"వచ్చినాడు నాయనా. కాళ్లు కడుక్కుంటా ఉండాడు."

"అట్లయితే చెప్పు."

చెప్పాను. సండే, థండర్, బండిల్, ఇన్నేళ్లు మోసినవన్నీ, అండర్ తప్ప. కళ్లు మూసుకుని తలాడిస్తూ విన్నాడు.

"ఇంగా ఒకటుండాది కదమ్మా."

"ఉండాది నాయనా. రేపు చెప్తా" అన్నాను, ఆయన చెయ్యి వదలకుండా.